బిడ్డ తొలి అడుగు: తొందర వద్దు, అశ్రద్ధ వద్దు



బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. ఇవి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ముచ్చట్లు. నేల మీద అరిసెలు పరిచి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయించి, ఇరుగుపొరుగు వారికి పంచిపెడతారు. చాలా మంచి ముచ్చట. అయితే ఈ అరిసెల రోజు ఏ ఇంట్లో ఏ నెలలో రావాలి? పక్కింట్లో 10 నెలలకే వచ్చింది, మన ఇంట్లో 14 నెలలైనా రాలేదు అంటే మన బిడ్డకు ఏదో లోపం ఉన్నట్లా? ఎన్ని నెలల దాకా ఎదురుచూడవచ్చు? ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లి తీరాలి? ఈ చిన్న పుస్తకంలో వీటికే జవాబులు చెప్పుకుందాం.

ఒకే ఇల్లు, ఇద్దరు బిడ్డలు

మా కేంద్రానికి ఒకరోజు ఒక తల్లి 14 నెలల పాపను భుజాన వేసుకుని ఏడుస్తూ వచ్చింది. పాప నుదుటి మీద గాయం. ఏమైందమ్మా అంటే, చక్రాల వాకర్‌లో కూర్చోబెడితే దొర్లుకుంటూ పోయి అరుగు మీద నుంచి కిందపడిందట. నర్సమ్మ కట్టు కట్టింది. ఆ తరువాత నెమ్మదిగా అసలు సంగతి బయటపడింది.

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్ద కోడలి కొడుకు 10 నెలలు నిండగానే నడిచాడు. అరిసెలు పంచారు, ఊరంతా మెచ్చుకున్నారు. చిన్న కోడలి కూతురు 14 నెలలు వచ్చినా గోడ పట్టుకునే నడుస్తోంది. ఇక చూడండి. "నీ పాలల్లో బలం లేదే" అని అత్తగారు. "బొత్తిగా చంక దించవు, అందుకే" అని ఆడబిడ్డ. ఆ పిల్ల తండ్రి ఏమీ అనడు గాని, అన్నగారి కొడుకు వంక చూసి నిట్టూరుస్తాడు. ఆ మాటలు పడలేక ఆ తల్లి పుట్టింటి నుంచి వచ్చిన డబ్బుతో వాకర్ కొన్నది. తరువాత జరిగింది మీరు విన్నారు.

డాక్టరుగారు పాపను పరీక్ష చేశారు. తన అంతట తాను కూర్చుంటోంది, దోగాడుతోంది, మంచం పట్టుకుని లేస్తోంది, గోడ వెంట అడుగులు వేస్తోంది. రెండు కాళ్లలోనూ సమానంగా బలం ఉంది. బరువు సరిగా ఉంది. "ఈ పాపకు ఏ జబ్బూ లేదు. తన వేళకు తాను నడుస్తుంది" అన్నారు. పదిహేనున్నర నెలలకు ఆ పాప నడిచింది. ఆ ఇంట్లో జబ్బుపడింది పాప కాదు, పోల్చి చూసే అలవాటు.

అడుగుకు ముందు ఎన్నో మెట్లు

నడక ఒక్కరోజులో వచ్చేది కాదు. అప్పుడే పుట్టిన శిశువును రెండు చంకల కింద పట్టి, పాదాలు నేలకు ఆనించి చూడండి. అడుగులు వేసినట్టే కాళ్లు కదుపుతుంది. అది చూసి "అప్పుడే నడుస్తున్నాడు" అని మురిసిపోతాం. అది నిజమైన నడక కాదు. నరాలలో పుట్టుకతో ఉండే ఒక కదలిక మాత్రమే. సుమారు రెండు నెలలకు అది మాయమవుతుంది. మాయమైందని భయపడనక్కరలేదు.

బిడ్డ శరీరానికి పట్టు తలనుంచి కాళ్ల వైపుగా వస్తుంది. ముందు మెడ నిలబడుతుంది. తరువాత బోర్లా పడుతుంది. తరువాత నడుము గట్టిపడి కూర్చుంటుంది. చివరికి కాళ్లకు బలం వస్తుంది. పుట్టినప్పుడు బిడ్డ తల ఒక్కటే మొత్తం పొడవులో నాలుగో వంతు ఉంటుంది. అంత బరువైన తలను, చిన్న కాళ్ల మీద నిలబెట్టి, పడిపోకుండా ముందుకు సాగడం అంటే మాటలా? మెదడు, వెన్నుపాము, కండలు, ఎముకలు, చూపు, ధైర్యం అన్నీ కలిసి పనిచేయాలి. ఒక్కో బిడ్డలో ఇవి ఒక్కో వేగంతో సిద్ధమవుతాయి.

ఎన్ని నెలలకు ఏది వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 5 దేశాలలో ఆరోగ్యంగా ఉన్న 816 మంది పిల్లలను పరిశీలింపజేసింది. మన దేశంలో ఈ పని ఢిల్లీలో జరిగింది. మిగిలినవి ఘనా, నార్వే, ఒమన్, అమెరికా. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. నూటికి 98 మంది పిల్లలకు ఏ పని ఏ వయసు మధ్య వచ్చిందో ఇక్కడ ఇస్తున్నాం:

1. ఆసరా లేకుండా కూర్చోవడం: సుమారు 4 నుంచి 9 నెలలు
2. ఏదైనా పట్టుకుని నిలబడటం: సుమారు 5 నుంచి పదకొండున్నర నెలలు
3. చేతులు, మోకాళ్ల మీద దోగాడటం: సుమారు 5 నుంచి పదమూడున్నర నెలలు
4. పట్టుకుని నడవడం: సుమారు 6 నుంచి పదమూడున్నర నెలలు
5. ఆసరా లేకుండా నిలబడటం: సుమారు 7 నుంచి 17 నెలలు
6. ఆసరా లేకుండా నడవడం: సుమారు 8 నుంచి పదిహేడున్నర నెలలు

చివరి వరుస మరోసారి చూడండి. 8 నెలలకు నడిచిన బిడ్డా ఆరోగ్యవంతుడే, 17 నెలలకు నడిచిన బిడ్డా ఆరోగ్యవంతుడే. మధ్యన 9 నెలల తేడా! సుమారు సగం మంది 12 నెలలకు నడిచారు. అంటే మొదటి పుట్టినరోజునాటికి నడవని పిల్లలు దాదాపు సగం మంది ఉంటారు. మగపిల్లలకు, ఆడపిల్లలకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంకొక సంగతి. ఆ పిల్లలలో నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు. దోగాడకుండానే లేచి నడిచారు. కొందరు పిల్లలు కూర్చున్న చోటు నుంచి పిర్రల మీదే జరుగుతారు. ఇలాంటి పిల్లలు కాస్త ఆలస్యంగా నడవడం మామూలే.

లెక్క వేసేటప్పుడు జాగ్రత్త: మనం "పదో నెల పడింది" అంటాం. అంటే నిండినవి 9 నెలలే. పైన చెప్పినవన్నీ నిండిన నెలలు. తల్లీబిడ్డల కార్డులో రాసిన పుట్టిన తేదీ చూసి లెక్క కట్టండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి వేరు. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ వయసులోంచి ఆ రెండు నెలలు తీసివేసి చూడాలి. ఆ బిడ్డకు 14 నెలలంటే నడక లెక్కలో 12 నెలలే. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కించాలి.

ఒక్కొక్కరు ఒక్కో వేళకు ఎందుకు నడుస్తారు?

మొదటిది పోలిక. తల్లిగాని తండ్రిగాని ఆలస్యంగా నడిచి ఉంటే బిడ్డ కూడా అలాగే నడవవచ్చు. 2025లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐరోపా సంతతికి చెందిన 70 వేల మందికి పైగా పిల్లల వివరాలు చూశారు. నడక వయసులోని తేడాలలో సుమారు నాలుగో వంతు వంశపారంపర్య లక్షణాల వల్లనే వస్తున్నట్లు తేలింది.

రెండవది అవకాశం. రోజంతా చంకలోనో ఉయ్యాలలోనో ఉన్న బిడ్డకు నేల మీద సాధన తక్కువ. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు అడవులలో ఆచే అనే గిరిజనులు ఉన్నారు. వారు అడవిలో తిరుగుతూ బతికిన రోజుల్లో పసిపిల్లలను ప్రమాదాలకు భయపడి నేల మీద దింపేవారు కాదు. ఆ పిల్లలు రెండేళ్ల దగ్గర పడితేగాని నడిచేవారు కాదు. పెద్దయ్యాక మాత్రం చెట్లెక్కడంలో ఎవరికీ తీసిపోయేవారు కాదు. మన ఇళ్లలో అడవి లేదు గాని, "నేల మీద దింపితే మట్టి తింటాడు" అని మంచం మీదే ఉంచే పెద్దలున్నారు. నేల శుభ్రం చేసి చాప వేసి దింపండి. బిడ్డకు బడి అదే.

మూడవది స్వభావం. కొందరు పిల్లలు పడినా లేచి పరుగెత్తుతారు. కొందరు ఒకసారి పడితే వారం రోజులు గోడ వదలరు. జ్వరమో విరేచనాలో వచ్చి లేచిన బిడ్డ కొన్నాళ్లు వెనక్కి తగ్గవచ్చు. బొద్దుగా ఉన్న బిడ్డ లేవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకోవచ్చు.

నాలుగవది తిండి. దీని గురించి ముందు ముందు వివరంగా చెప్పుకుందాం.

తొందరగా నడిస్తే తెలివి ఎక్కువా?

కాదు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఆరోగ్యవంతులైన పిల్లలను పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పరిశీలించారు. వారిలో కొందరు ఎనిమిదిన్నర నెలలకే నడిచారు, కొందరు 20 నెలలకు నడిచారు. పెద్దయ్యాక చదువులో పనికివచ్చే తెలివి కొలిచి చూస్తే, ముందు నడిచినవారికీ వెనక నడిచినవారికీ సంబంధమే కనబడలేదు. ఈ ఫలితాలు 2013లో ప్రచురించారు. కాబట్టి "మావాడు తొమ్మిది నెలలకే నడిచాడు, కలెక్టరవుతాడు" అనేవారిని అననివ్వండి. మీరు మాత్రం మీ బిడ్డను చూసి చిన్నబోకండి.

ఇంట్లో ఏం చేయాలి?

బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి. మెడకూ భుజాలకూ బలం వస్తుంది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టాలి.

కూర్చోవడం వచ్చాక బిడ్డకు అందీ అందనంత దూరంలో గిలక్కాయో గిన్నెో పెట్టండి. దానికోసం జరుగుతుంది. లేచి నిలబడే వయసులో బరువైన పీట, మంచం కోడు, కదలని పెట్టె దగ్గర ఉంటే చాలు.

ఇంట్లో చెప్పులు, బూట్లు అక్కరలేదు. వట్టి పాదాలకే నేల పట్టు తెలుస్తుంది. బయట ముళ్లు, ఎండ, పురుగు ఉంటే మెత్తని చెప్పులు వేయండి.

వడ్రంగి చేసే కొయ్య మూడు చక్రాల బండి మనకు తెలిసిందే. బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి దాన్ని తోస్తుంది. చదునైన నేల మీద, పక్కన పెద్దలు ఉంటే ఆ బండి మంచిదే. చక్రాల వాకర్ అలా కాదు. అందులో బిడ్డ కూర్చుని వేళ్ల కొసలతో నేలను తన్నుతుంది. బరువు తన కాళ్ల మీద మోయదు. దానివల్ల నడక ముందు రాదు. పైగా మెట్ల మీద నుంచి, అరుగు మీద నుంచి పడతారు, పొయ్యి దాకా పోతారు. కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన ఇంట్లో మనమే నిషేధించుకుందాం.

పడుతుంటే భయపడకండి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారు 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుండగా లెక్క పెట్టి 2012లో ప్రకటించారు. ఒక్క గంటలో సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు! పడటం లోపం కాదు, అదే పాఠం. "అయ్యో" అని కేక వేస్తే బిడ్డ భయపడుతుంది. నవ్వుతూ చేయి అందించండి.

నడక వచ్చిన రోజు నుంచి ఇల్లు మార్చాలి. పురుగుమందు డబ్బాలు, కిరోసిన్, మందు బిళ్లలు అందనంత ఎత్తున పెట్టండి. నీళ్ల తొట్టికి, సంపుకు మూత ఉండాలి. బావికి గోడ ఉండాలి. బకెట్లో జానెడు నీళ్లున్నా పసిబిడ్డకు ప్రమాదమే.

ఏం తినిపించాలి?

బిడ్డకు 6 నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే చాలు. నీళ్లు కూడా అక్కరలేదు. 6 నెలలు నిండగానే పాలతో పాటు మెత్తటి ఆహారం మొదలుపెట్టాలి. ఉత్త పాలు, పలచటి గంజి మీద ఉన్న బిడ్డకు రక్తం తక్కువవుతుంది. రక్తం తక్కువైన బిడ్డ నీరసంగా కూర్చుంటుంది, లేవాలనే ఉత్సాహం ఉండదు. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, నూనె లేక నెయ్యి ఒక చెంచా, తోటకూర, మునగాకు, రాగిజావ, గుడ్డు, అరటిపండు, ఇవేవీ మన ఊళ్లలో దొరకనివి కావు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డకే పెట్టండి, ఇంటిల్లిపాదికీ పంచకండి.

6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలి. ఆశా కార్యకర్తను అడగండి. బిడ్డను కాసేపు ఎండలో ఆడించండి. ఎండ వల్ల శరీరంలో డి విటమిన్ తయారై ఎముకలు గట్టిపడతాయి. అది తక్కువైతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఇంతవరకు "కంగారు పడకండి" అని చెప్పాం. ఇక రెండో మాట కూడా అంతే శ్రద్ధగా వినండి. 18 నెలలు నిండినా ఆసరా లేకుండా నడవని బిడ్డను డాక్టరుకు చూపించి తీరాలి. "మేనమామ కూడా రెండేళ్లకు నడిచాడు" అని ఊరుకోవద్దు. పోలికే కావచ్చు. కాని ఆ మాట చెప్పవలసింది పరీక్ష చేసిన డాక్టరు.

18 నెలల దాకా ఆగకుండా వెంటనే రావలసినవి ఇవి:

1. 4 నెలలు నిండినా మెడ నిలపకపోవడం
2. 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం
3. 12 నెలలు నిండినా పట్టుకుని కూడా నిలబడకపోవడం
4. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోవడం, లేక గుడ్డలా వేలాడటం
5. ఏడాది లోపలే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేయడం
6. ఒక కాలు పొట్టిగా ఉండటం, కుంటుతూ నడవడం, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం
7. వచ్చిన పని పోవడం, అంటే కూర్చునే బిడ్డ కూర్చోలేకపోవడం, నడిచే బిడ్డ నడక మానడం
8. పిలిస్తే తిరగకపోవడం, ముఖం చూడకపోవడం, నడకతో పాటు మాట, ఆట కూడా వెనకబడటం

వీటి వెనుక ఏముండవచ్చు? పుట్టినప్పుడు మెదడుకు దెబ్బ తగిలి ఉండవచ్చు. తుంటి కీలు తప్పి ఉండవచ్చు. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోవచ్చు. కండల జబ్బు కావచ్చు. రక్తహీనత కావచ్చు. దగ్గరి మేనరికాలలో కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. తుంటి కీలు తప్పినట్లు మొదటి నెలల్లో తెలిస్తే పట్టీలతోనే సరిచేయవచ్చు, ఏళ్లు గడిస్తే ఆపరేషన్ తప్పదు. థైరాయిడ్ లోపం పుట్టిన కొత్తలో పట్టుకుంటే రోజుకొక చిన్న బిళ్లతో మెదడును కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. కాలం ఎంత విలువైనదో చూడండి.

నిన్నటిదాకా చక్కగా నడిచిన బిడ్డకు ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే ఆ రోజే తీసుకురండి. ఒకప్పుడు ఇలా ఎందరో పిల్లలు పోలియో బారిన పడేవారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. అది చుక్కల మందు వల్ల, ప్రతి కేసునూ వెంటనే కనిపెట్టడం వల్ల సాధించిన విజయం. ఆ జాగ్రత్త ఇప్పటికీ కావాలి.

నడవని బిడ్డకు కడుపు మీద, కాళ్ల మీద వాతలు పెట్టకండి. గ్రహణం నాడు మెడలోతు మట్టిలో పూడ్చితే కాళ్లు వస్తాయనే నమ్మకం కొన్నిచోట్ల ఉంది. కర్ణాటకలోని కలబురగి ప్రాంతంలో 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణంనాడు కూడా పిల్లలను అలా పూడ్చారు. ఆ తల్లిదండ్రుల బాధ మనకు అర్థమవుతుంది. కాని మట్టి కాళ్లను బాగుచేయదు. బిడ్డ ఊపిరికే ప్రమాదం.

ఎవరిని కలవాలి? ఆశా కార్యకర్త బిడ్డ 3, 6, 9, 12, 15 నెలల వయసులో మీ ఇంటికి వస్తుంది. బిడ్డ ఏం చేస్తోందో ఆమెకు దాచకుండా చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు. అక్కడ డాక్టరు, వ్యాయామ చికిత్స చేసేవారు ఉంటారు. ఖర్చు ప్రభుత్వానిదే.

ఇంకొక ఇంటి కథ

మొదట చెప్పిన ఇంట్లో కంగారు ఎక్కువ. ఈ ఇంట్లో కంగారే లేదు. 20 నెలల బాబు. పట్టుకుని నిలబడతాడు, అడుగు వేయడు. ముఖం పాలిపోయి ఉంది. చేతులు సన్నగా ఉన్నాయి. ఆశా కార్యకర్త బతిమాలి తీసుకువచ్చింది. తల్లికి ఎనిమిదో నెల. రెండో కాన్పుకు సిద్ధంగా ఉంది.

లెక్క వేసి చూశాం. బాబుకు సుమారు ఏడాది నిండేసరికి ఆమె మళ్లీ నెల తప్పింది. "కడుపుతో ఉన్న తల్లి పాలు విషం" అని ఎవరో అంటే పాలు ఒక్కసారిగా మాన్పించారు. వాంతులతో ఆమె లేవలేదు. బాబుకు గంజినీళ్లు, బిస్కట్లు. చూడటానికి ముసలి నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమెకు బిడ్డ వెంట పరుగెత్తే ఓపిక లేదు, అందుకని ఉయ్యాలలోనే ఉంచేది.

పరీక్ష చేస్తే రక్తం బాగా తక్కువగా ఉంది. నరాలలో, కీళ్లలో లోపం లేదు. మందు ఇచ్చారు, తిండి మార్చారు. తండ్రి రోజూ సాయంత్రం బాబును దింపి ఆడించడం మొదలుపెట్టాడు. 23 నెలలకు బాబు నడిచాడు. అప్పటికి చెల్లెలు పుట్టింది. అదృష్టం బాగుండి ఇది రక్తహీనతతో పోయింది. మరొక జబ్బై ఉంటే ఆ నెలలు తిరిగి వచ్చేవి కావు.

కడుపుతో ఉన్న తల్లి పాలు విషం కాదు. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న తల్లి పాలు ఇవ్వవచ్చు, తాను కూడా ఎక్కువ తినాలి. అయితే అసలు ప్రశ్న వేరు. ఆ గర్భం అప్పుడే రావలసిన అవసరం ఉందా?

నడిచే బిడ్డకు అమ్మ కావాలి

"పెద్దవాడు నడుస్తున్నాడుగా, ఇక రెండోది కానీయండి" అంటారు పెద్దలు. నడక వస్తే బిడ్డ చంక దిగుతుందని వారి లెక్క. నిజానికి నడక మొదలైన ఏడాదే బిడ్డ వెంట మనిషి ఉండవలసిన కాలం. గంటకు 17 సార్లు పడే బిడ్డను ఎనిమిదో నెల కడుపుతో వంగి ఎవరు లేపాలి?

చిన్న లెక్క చూడండి. బిడ్డకు 9 నెలలప్పుడు తల్లి మళ్లీ గర్భవతి అయితే, బిడ్డకు 18 నెలలప్పుడు కాన్పు. అప్పటికి పెద్దబిడ్డ తప్పటడుగుల్లోనే ఉంటాడు. అదే బిడ్డకు రెండేళ్లు నిండాక గర్భం వస్తే, కాన్పు నాటికి పెద్దబిడ్డకు దాదాపు మూడేళ్లు. తన కాళ్ల మీద తానే అంగన్‌వాడీకి నడిచిపోతాడు. తల్లి ఒంట్లో రక్తం పట్టడానికి కూడా సమయం దొరుకుతుంది. అందుకే కాన్పు తరువాత కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం ధరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పిల్లల తిండి లోపం జబ్బుకు క్వాషియోర్కర్ అని పేరు. ఆఫ్రికాలోని ఘనాలో 1930లలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఆ పేరును అక్కడి ప్రజల భాష నుంచే తీసుకున్నారు. తరువాతి బిడ్డ రావడంతో తల్లి దగ్గర చోటు పోయిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఏ దేశంలోనైనా తల్లులకు తెలిసిన సత్యమే ఇది.

"పాలిస్తున్నాను కదా, గర్భం రాదు" అని నమ్మి కూర్చోకండి. బిడ్డకు 6 నెలల లోపు వయసుండి, రాత్రింబగళ్లు తల్లిపాలు మాత్రమే ఇస్తూ, ముట్టు ఇంకా రాకపోతేనే ఆ రక్షణ చాలావరకు ఉంటుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా వేరే పద్ధతి కావాలి. ముట్టు కనపడకముందే గర్భం రావచ్చు.

కాన్పుల మధ్య ఎడం కోసం ఆరోగ్య కేంద్రంలో నిరోధ్, కాపర్‌టీ, ఛాయ బిళ్లలు, మూడు నెలలకొకసారి వేసే అంతర సూది ఉచితంగా దొరుకుతాయి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరును గాని ఏ.ఎన్.ఎమ్.ను గాని అడిగి, భార్యాభర్తలిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఇక పిల్లలు చాలనుకున్నవారికి ఆపరేషన్ ఉంది. మగవారికి చేసేది ఆడవారికి చేసేదానికంటే సులువైనది. ఇందులో ఎవరి బలవంతమూ లేదు.

తండ్రులకు ఒక మాట. బిడ్డ నడక తల్లి పరీక్ష కాదు. "నీ పాలల్లో బలం లేదు" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ మాట ఆపవలసింది మీరే. సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఒక అరగంట బిడ్డను నేల మీద ఆడించండి. చేతులు చాపి పిలవండి. నాన్న చేతుల్లోకి వేసిన అడుగు బిడ్డకూ మీకూ మిగిలిపోతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా బాబు కాళ్లు వంకరగా ఉన్నాయి. నడవగలడా?
జవాబు: రెండేళ్ల లోపు పిల్లలకు మోకాళ్లు కొంచెం ఎడంగా ఉండటం సహజం. పెరిగేకొద్దీ సరిపోతాయి. ఒక కాలే వంగినా, వంపు రోజురోజుకూ పెరుగుతున్నా, రెండేళ్లు దాటినా తగ్గకపోయినా చూపించండి.

ప్రశ్న: పాదం చదునుగా ఉంది. గుంట లేదు.
జవాబు: చిన్నపిల్లల పాదాలు అలాగే ఉంటాయి. గుంట తరువాత ఏర్పడుతుంది.

ప్రశ్న: నూనె మర్దనా చేస్తే త్వరగా నడుస్తుందా?
జవాబు: మర్దనా బిడ్డకు హాయి. మెత్తగా చేయండి. కీళ్లు లాగకండి, విరవకండి. దానివల్ల నడక ముందుకు రాదు.

ప్రశ్న: చేతులు పట్టి రోజూ నడిపించాలా?
జవాబు: బిడ్డ సరదా పడితే నడిపించండి. ఏడుస్తుంటే బలవంతం చేయవద్దు. ఒక్క చేయి పట్టి పైకి లాగితే మోచేయి కీలు జారవచ్చు.

గుర్తుంచుకోండి

8 నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడు నడిచినా సరైన వేళే.

పక్కింటి బిడ్డతో పోల్చకండి. మీ బిడ్డను పోయిన నెల మీ బిడ్డతోనే పోల్చి చూడండి. ముందుకు సాగుతోందా? చాలు.

18 నెలలు నిండినా నడవకపోతే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆరోగ్య కేంద్రానికి రండి.

బిడ్డ నిలకడగా నడిచి, పరుగెత్తి, తన చేత్తో తాను తినేదాకా రెండో బిడ్డ ఆగవచ్చు.

అరిసెలు ఎప్పుడు వండినా తియ్యగానే ఉంటాయి.